దోనకు బదులు

కోడేరు దగ్గర మా ఊరి వెనక గుట్టల్లో ఎండాకాలం కూడా నీళ్లుండే చోటు ఒక్కటే. దాన్ని దోన అనేవాళ్లం. బండలో తనంతట తాను ఏర్పడిన లోతైన గుంట. ఒకసారి వానకు నిండితే మళ్లీ వానలదాకా అడుగున కొన్ని నీళ్లు మిగిలేవి. పక్కనే సంస్థానాల కాలంనాటి కోటగోడ కూలిపోయి ఉంది. ఆ కోట కావలివాళ్లు ఈ నీళ్లే తాగారని, బండలో మెట్లు తొలిచింది వాళ్లేనని నాన్న చెప్పేవాడు. పొద్దున మా మేకలు, సాయంత్రం నెమళ్లు, చీకటిపడ్డాక ఎలుగుబంట్లు. ఒకదాని వేళకు ఒకటి అడ్డం వచ్చేది కాదు.

నాన్న పోయాక మేకలను అమ్మే కాసేది. నేను వనపర్తిలో బట్టలు కుడుతూ సెలవురోజుల్లో ఊరికి వచ్చేదాన్ని.

గుట్టమీద క్వారీ పెట్టినాయన లారీలకు మా చేనులోంచి బాట అడిగాడు. "దోన జోలికి రాకుంటే పోనియ్యి సారూ" అంది అమ్మ. ఆయన సరేనన్నాడు.

సీతాఫలాలు పండే రోజుల్లో ఒక మధ్యాహ్నం పేలుడుకు ఇంట్లో గిన్నెలు కదిలాయి. అమ్మ వెనకే గుట్టెక్కాను. దోన నిలువునా పగిలి ఉంది. నీళ్లు బండసందుల్లోకి గుడగుడమంటూ దిగిపోతున్నాయి. మెట్ల జాడే లేదు. కప్పలు ఎండలో దిక్కుతోచక గెంతుతున్నాయి.

"గుంట కోసం గింత పరేషానా పెద్దమ్మా? ట్యాంకర్ పంపిస్తలే" అని నవ్వాడు అక్కడే ఉన్న క్వారీ ఆయన.

అమ్మ గుట్ట దిగింది. ఇంటికొచ్చాక, "ట్రాక్టర్ పిలువు" అంది.

లారీలు గుట్టమీద ఉండగానే బాటంతా దున్నించాం. ట్రాక్టర్ నడిపే అతను జంకాడు. "లొల్లి అయితదేమో అక్కా."

"మా చేను మేం దున్నుకుంటే ఎవనికి లొల్లి?" అన్నాను. అమ్మ ఆ సాళ్లలో ఉలవలు చల్లింది.

ఆయన ముందు బెదిరించాడు. భూమి కొలిపించాడు. చేను మాదేనని తేలాక, ఒకరోజు ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఏం కావాల్నో చెప్పు పెద్దమ్మా."

"దోన తెచ్చిపెట్టు. బాట ఇడుస్త."

"పగిలినదాన్ని ఎట్ల తేవాలె?"

"దున్నినదాన్ని గూడ గట్లనే."

ఆయన పెదవులు ఎండిపోయాయి. "జర మంచినీళ్లియ్యమ్మా" అని నన్నడిగాడు. దప్పికన్నవాడికి లేవనకూడదంటారు. బిందె నిండుగా ఉంది.

"లేవు. నీ ట్యాంకర్ ఇంకా రాలె" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకు కలిగిన సుఖం ఇప్పటికీ తగ్గలేదు. లారీలు ఖాళీగానైనా దింపుకుంటానని బతిమాలాడు. ఉలవలు కోసేదాకా ఆగమంది అమ్మ. ఆగాడు. ఆ తర్వాత బాట లేక క్వారీ మూతపడింది.

ఆ ఎండాకాలం గుట్టమీద నెమళ్లు కూయలేదు. నీళ్లకోసం ఒక ఎలుగుబంటి ఊరి బోరుదాకా వచ్చింది. జనం రాళ్లతో తరిమారు. అమ్మ సగం మేకలను అమ్మేసింది. "గెలిచిన్రు గద" అంటారు ఊళ్లో. గుట్టకు మాత్రం నీళ్లు తిరిగి రాలేదు. అందుకే నా కోపం చల్లారలేదు. ఆయన మళ్లీ మా గడపలోకి రావాలి, మళ్లీ ఏదో ఒకటి అడగాలి, నేను మళ్లీ లేదనాలి.