మొదటిసారి పనిచెయ్యని మిషను

మైకు బాబాయి రికార్డు మిషను మొదటిసారి పనిచేసిన పాపాన పోలేదు. మైకు ముందు కూర్చున్న మనిషి కడుపులో ఉన్న బాధంతా కక్కేసి మొహం తుడుచుకునేసరికి, బాబాయి మిషను నెత్తిన ఒక్కటి మొట్టి, "అయ్యో, రికార్డు కాలేదు. మళ్ళీ చెప్పు" అనేవాడు.

టైర్ల షాపు మీద రెండు గదుల్లో ఆయన రేడియో స్టేషను. కాలవలు తీసేవాళ్ళూ, చెత్త ఎత్తేవాళ్ళూ, ఇంకెక్కడా మాట చెల్లనివాళ్ళంతా వచ్చి అందులో మాట్లాడేవాళ్ళు. బయటి చప్పుడు రాకుండా గోడలకి పాత పరుపులు కొట్టాడు. లోపల కాసేపు కూర్చుంటే నిద్రొస్తుంది. ఇంకాసేపు కూర్చుంటే నల్లులొస్తాయి.

మూటలు మోసే మామ, గిడ్డంగిలో తాగడానికి నీళ్ళు పెట్టడం లేదని చెప్పడానికొచ్చాడు. మొదటిసారి గొణిగాడు. మిషను ఫెయిలు. రెండోసారి కాస్త గొంతు లేచింది. మళ్ళీ ఫెయిలు. మూడోసారి గిడ్డంగినీ మిషన్నీ కలిపి ఉతికేశాడు. అదే రేడియోలో వచ్చింది. గిడ్డంగిలోకి నీళ్ళ డ్రమ్మూ వచ్చింది.

"ఆ డబ్బాని అమ్మెయ్ బాబాయ్!" అన్నాడు మామ.

"కొనే తెలివితక్కువాడు దొరకాలి కదరా!"

ఇక ఆ పక్క సందులో అందరూ వదిన అని పిలిచే ఆవిడ వీధులూడుస్తుంది. ఆవిడ మాట్లాడితే పక్కనున్న చీపురుకి కూడా వినపడదు. వారంగా మురుగు పొంగి వాళ్ళ ఇంట్లోకొస్తోంది. మంచం దిగలేని అత్తని, మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి పైకి లేపుకుంటూ పోతోంది.

"ఇంకో వరస పెడితే నా ముక్కు కప్పుకి తగులుతుందే" అంది అత్త.

మున్సిపాలిటీ ఆఫీసుకి వెళితే "చూస్తాం" అన్నారు. చూడ్డానికి మాత్రం ఎవరూ రాలేదు. చివరికి బాబాయి అక్కడి ఇంజనీరుగారిని ఫోన్లోంచే రేడియోలో మాట్లాడ్డానికి ఒప్పించాడు. లైవు.

"లైవంటే మళ్ళీ చెప్పనివ్వరా?" అంది వదిన.

"ఇవ్వరు."

"అయితే నేను రాను బాబాయ్. నా నోరు పడిపోతుంది."

"సరేలే, ముందు ఉత్తుత్తిగా ఒకసారి అను. లైవు సంగతి తర్వాత."

వదిన మైకు ముందు కూర్చుంది. బాబాయి మిషను మీద తువ్వాలు పడేసి చెయ్యి ఊపాడు. ఎలాగూ మొదటిసారి రికార్డవదు, ఇంక భయమేంటి అనుకుంది వదిన.

"ఏం సారూ, మీ వంటింట్లోకొస్తే వారం ఆగుతారా? తెల్లారకముందే లేచి మీ గుమ్మం ఊడుస్తున్నా. నా గుమ్మం దాటాలంటే మోకాళ్ళ దాకా తడుస్తున్నా. ఒక్కసారి రండి. మా అత్త మంచం మీద కూర్చోబెడతా. కాళ్ళు మాత్రం కింద పెట్టకండి!"

ఊపిరి పీల్చుకుని బాబాయి వైపు తిరిగింది. "కాలేదు కదా? మళ్ళీ చెప్పనా?"

ఎవరో దగ్గారు. స్పీకర్లోంచి. "వద్దమ్మా, వినపడింది. బండి ఇవాళే పంపిస్తున్నాను."

బాబాయి తువ్వాలు తీశాడు. కింద ఎర్ర దీపం నిక్షేపంలా వెలుగుతోంది.

వదిన ఆ దీపాన్ని వేలితో పొడిచి చూసింది. "బాబాయ్! ఇది పనిచేస్తుందా?"

"ఎప్పుడు చెయ్యలేదు గనక! మొదటిసారి అందరూ తల దించుకుని వాళ్ళ కాళ్ళకి చెప్పుకుంటారమ్మా. బాగా రాలేదు, మళ్ళీ చెప్పు అంటే చిన్నబుచ్చుకుంటారు. మిషను చెడిందంటే, తప్పు మిషనుది."

"మరి అందరూ నిన్ను చూసి నవ్వుతున్నారే?"

"నవ్వనీ. నవ్విన గొంతు ఇట్టే పెగులుతుంది."

మధ్యాహ్నానికి మురుగు లాగే బండి సందు మొదట్లో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "రేడియోలో సారుని దులిపేసిందెవరు? ఆ ఇల్లెక్కడ?" అన్నాడు.

సందంతా వదిన వైపు చూసింది. వదిన నడుం మీద చెయ్యేసి, "నేనే! రివర్సు చేసుకుని ఇటు రా!" అని ఒక్క కేక పెట్టింది.

"మెల్లిగా అరవ్వే, నాకేం చెవుడు లేదు!" అంది లోపల్నుంచి అత్త.