సిడ్సెల్ నేర్పిన మాట

డెన్మార్క్‌లోని జట్‌లాండ్ కోటలో ముప్పై ఏళ్లు రాజుగారి చొక్కాలు ఉతికిన సిడ్సెల్‌ను ఎవరైనా "ఒట్టి బట్టలుతికేదే కదా" అన్నారో, వాళ్ల పని అయిపోయినట్టే. "అవును, రాణిగారికి మన భాష నేర్పింది ఈ బట్టలుతికేదే" అంటూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. కోతలు కోస్తోందని మూతి విరిచిన వాళ్లున్నారు. విరుచుకోనీ. ఆ మాట అక్షరాలా నిజం.

రాణిగారు జర్మన్ దేశం నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెకు డేనిష్ ఒక్క ముక్క రాదు. దర్బారులో అందరూ జర్మనే మాట్లాడేవారు, ఆ లోటు ఎవరికీ పట్టలేదు. కానీ రాజుగారి పెళ్లామంటే కిరీటం పెట్టుకుని కూర్చోవడమా? కోట తాళాల గుత్తి ఆమె నడుముకే వేలాడేది. మొగుడి చొక్కాల మరకలు పోయాయో లేదో చూడడం కూడా ఆమె పనే. అందుకని ప్రతి సోమవారం ఉతుకుల పాకకు వచ్చేది. సిడ్సెల్ బూడిదనీళ్ల తొట్టిలోంచి చేతులు తీసి ఒక్కొక్క వస్తువునూ చూపించి పేరు చెప్పేది. రాణిగారు సిడ్సెల్ పల్లె యాసతో సహా పలికేది. తడిబట్టలను గట్టిగా మెలిపెట్టే పనమ్మాయిలను సిడ్సెల్ కసిరే మాట కూడా ఆమె నోటికి వచ్చేసింది.

రాణిగారు వచ్చిన మూడో చలికాలంలో సిడ్సెల్ తమ్ముడు లౌరిడ్స్ ఆకలికి తాళలేక రాజుగారి అడవిలో జింకను కొట్టాడు. ఉరి అన్నారు. ఇక మిగిలింది ఒక్కటే దారి. రాణి సభలో మోకరిల్లి అడగాలి. రాజు చెయ్యి పట్టి లేపితే ప్రాణం దక్కినట్టు, లేపకపోతే ఉరే. ఇంకా కడుపు పండలేదని అప్పటికే గుసగుసలు, పైగా ఇది కూడా బెడిసికొడితే రాణిగారి పరువేం కాను? అందుకే సిడ్సెల్ నోరెత్తలేదు. ఆమె వాచిన కళ్లు చూసి రాణిగారే విషయం రాబట్టింది.

సభ కోసం దర్బారు పెద్దలు రాణిగారి చేత ఒక పొడుగాటి జర్మన్ విన్నపం బట్టీ పట్టించారు. వెనక తలుపు దగ్గర నిలబడ్డ సిడ్సెల్‌కు రాణిగారి వీపే కనబడుతోంది. రాణిగారు మోకరిల్లింది. నోరు తెరిచింది. విన్నపం మొత్తం మరిచిపోయింది! రాజు కిటికీ వైపు చూస్తున్నాడు. చివరికి డేనిష్‌లో రాణిగారి గొంతు వినబడింది.

"మరీ అంత పిండమాకండి. గుడ్డ చిరుగుద్ది."

దొరలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేల చీలితే దూరిపోదామనుకుంది సిడ్సెల్. కానీ రాజు గబుక్కున తల తిప్పాడు. చిన్నప్పుడు ఆయన్ని పెంచిన దాదిదీ అదే యాస.

"ఈ మాట నీకెవరు నేర్పారు?"

"మా పంతులమ్మ," అంది రాణిగారు.

రాజు పకపకా నవ్వి చెయ్యి పట్టి లేపాడు. లౌరిడ్స్ ఉరికి బదులు రెండేళ్లు కోట కందకం తవ్వి, ఇంటికి చేరాడు.

సభ జరిగిన మరుసటి సోమవారం రాణిగారు మామూలుగానే పాకకు వచ్చింది.

"సరిగ్గా పలికానా, సిడ్సెల్?"

"నాకంటే బాగా పలికారమ్మా."

అంటూనే చేతిలో ఉన్న రాజుగారి చొక్కాను ఆ సంబరం కొద్దీ మెలిపెట్టింది. అది చర్రున చిరిగింది. ముప్పై ఏళ్లలో సిడ్సెల్ చించిన చొక్కా అదొక్కటే. దాన్ని కూడా ఆమె గొప్పగానే చెప్పుకునేది.