ఆమె నోట సత్తన్న పేరు

ముందే మన్నించండి. ఫోన్‌లో తెలుగు కొట్టడం నాకు సరిగ్గా రాదు. ఒత్తులు తప్పితే మీరే సర్దుకుని చదవండి.

నిన్న పొద్దున కౌకూర్ నుంచి సత్తన్న కొడుకు ఫోన్ చేశాడు.

"కాకా, నాయిన పోయిండు."

చాయ్ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. మొన్న ఆదివారమే కదా మా వాకిట్లో కూర్చుని పోయాడు.

మన చుట్టాల్లో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు.

సత్తన్న, అంటే డాక్టర్ సత్తయ్య, మా ఇంటామె బాలమణికి మేనబావ. మేడ్చల్ బడిలో నాతో చదివాడు. నేను ఏడో తరగతితో ఆపి బీరతోటలో పడ్డాను. ఆయన సైంటిస్ట్ అయ్యాడు. లైఫ్ అంతా అల్జీమర్స్ మీదే రీసెర్చ్.

ముందు బాలమణిని ఆయనకే అనుకున్నారు. చదువయ్యేదాకా పెళ్లి వద్దన్నాడు. అందుకని నాకిచ్చారు.

ఆయనంటే నాకు కుళ్లు.

చదువుకు కాదు. కారుకు కాదు.

బాలమణి ఆయన్ని నోరారా "సత్తి బావా" అనేది. నన్ను మాత్రం "ఇగో, ఇంటున్నవా" అనేది. మొగుడి పేరు పలకకూడదు కదా.

చాలా ఏళ్ల కింద శామీర్‌పేట పక్క ఊళ్లలో ముసలివాళ్లకు మెమరీ టెస్టులు పెట్టాడు. మా వాకిట్లోనే ఆడవాళ్లను కూర్చోబెట్టాడు. వెంట వచ్చిన డాక్టరమ్మ అడిగింది.

"అవ్వా, ఇవాళ తారీఖు ఎంత?"

"తారీఖుతోని నాకేం పని బిడ్డా, నాకేమన్న జీతమొస్తదా?"

అందరూ నవ్వారు. తర్వాత మీ ఇంటాయన పేరేమిటి అని అడిగింది. ఒక్కరూ చెప్పలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. డాక్టరమ్మ అందరికీ సున్నా వేయబోయింది.

సత్తన్న ఆపాడు. "మరిశిపోయి కాదమ్మా. యాది ఉండే చెప్తలేరు."

ఆ ప్రశ్న కొట్టేశాడు. చింతపండు ఎప్పుడు కొడతారు, సిటీకి పోతుంటే తూంకుంట ముందొస్తుందా అల్వాల్ ముందొస్తుందా, ఇట్లాంటివి పెట్టాడు. బడికి పోనివాళ్లకు తగిన టెస్ట్ తయారు చేయడమే ఆయన పని అయింది. పెద్ద పెద్ద మీటింగుల్లో దాని గురించే మాట్లాడేవాడట.

తర్వాత ఆ మతిమరుపు జబ్బు మా ఇంటికే వచ్చింది. బాలమణికి.

సత్తన్న ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఆమె మొహం వెలిగేది. "సత్తి బావా, బుక్కెడు తిను" అనేది. నేను ముద్ద పెడితే మొహం తిప్పుకునేది.

వాళ్లు నవ్వుకుంటుంటే నేను పోయి మోటార్ వేసేవాణ్ణి. తోట తడిగా ఉన్నా సరే.

పోయిన ఎండాకాలం ఒకరోజు మధ్యాహ్నం, అన్నం పెడుతుంటే నా మొహంలోకి చూసింది.

"ఎల్లయ్యా, నీళ్లియ్యి."

నా పేరు. పెళ్లయ్యాక మొదటిసారి.

వెంటనే సత్తన్నకు ఫోన్ చేశాను. "ఇగ నీ ఒక్కని పేరే కాదు, నా పేరు గూడ పిలిచింది" అన్నాను.

మొహం చూసే పిలిచిందా అని రెండుసార్లు అడిగాడు.

"మంచిగైంది ఎల్లయ్యా" అన్నాడు.

ఆదివారం కాకున్నా ఆ సాయంత్రమే వచ్చాడు. ఆమె దగ్గర కాదు, నా పక్కన కూర్చున్నాడు.

బాలమణి మంచం మీద నుంచి అంది. "సత్తి బావా, గా ఎల్లయ్యను ఇంటికి పొమ్మను. పొద్దువోయింది. ఆళ్లింట్ల ఎదురుసూస్తరు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆయనకు ఫోన్‌లోనే అర్థమైంది.

నా చెయ్యి పట్టుకున్నాడు. "గింత చదివిన ఎల్లయ్యా. గిది ఆపే మందు దొరకలే" అన్నాడు.

అంత బాధలోనూ నాకు అదే కుళ్లు. బావ బావే. బయటివాణ్ణి నేను.

నిన్న సాయంత్రం ఆయన్ని సాగనంపి వచ్చాం. ఇవాళ ఆదివారం. పొద్దుటి నుంచి ఆమె గేటు వైపే చూస్తోంది.

"సత్తి బావ ఇంక రాలే?"

నన్నే అడుగుతోంది.

చెబితే ఏడుస్తుంది. మరిచిపోయి మళ్లీ అడుగుతుంది. మళ్లీ చెప్పాలి, మళ్లీ ఏడుస్తుంది. చెప్పకపోతే చూస్తూనే ఉంటుంది. ఇట్లాంటివి అడగడానికి నాకు సత్తన్నే ఉండేవాడు.

సత్తన్నా, నేను పోతే నా గురించి ఇట్లా ఎవరూ అడగరు. నువ్వు పోయినా నా కుళ్లు పోలేదు. నువ్వు మాత్రం నిమ్మళంగా ఉండు.

చెప్పాలా వద్దా, మీకు తోచింది జల్దీ రాయండి. ఆమె మళ్లీ అడిగేలోపు.