ఎలుగు తూటా, వెలుగు తూటా

2022 మార్చి. కలకత్తాలో ధర్మతల్లా దగ్గర ఒక తుపాకుల దుకాణంలో సరుకు తీయడం, సర్దడం నా పని. నాకు చదువు నలభై ఏడో ఏట వచ్చింది. వాట్‌గంజ్‌లో సాయంత్రం తెలుగు బడి నడిపిన టీచరమ్మ మేం మాట్లాడినట్టు రాస్తే ఒప్పుకునేది కాదు. "ఎల్లాను కాదు, వెళ్లాను. 'వ' ఏదమ్మా?" అని ఎర్రగీత పెట్టేది. ఆ 'వ' నా ప్రాణానికి వచ్చింది.

ఒకరోజు పలాస దగ్గర్నుంచి నూకరాజు అనే మనిషి ఫోన్ చేశాడు. గార్డెన్ రీచ్‌లో ఉండే బావమరిది మా నంబరు ఇచ్చాడట.

"ఎలుగు తూటా కావాలప్పా, పెద్దది. వచ్చి తీసుకుంతాను" అన్నాడు.

మాదీ ఆ వైపే. అక్కను అప్ప అంటాం, వెలుగును ఎలుగే అంటాం. ఆపదలో ఉన్న ఓడవాళ్లు ఆకాశంలోకి పేల్చే వెలుగు తూటాను సిగ్నల్ కార్ట్రిడ్జ్ అంటారు. అదీ మా దగ్గర ఉంటుంది. చదువుకున్నదాన్ని కదా, చీటీ మీద ఎలుగుకు ముందు 'వ' చేర్చి మరీ రాసి, పెట్టె తీసి ఉంచాను.

మూడో రోజు షాలిమార్‌లో రైలు దిగి నేరుగా వచ్చాడు. ఎర్రటి గొట్టాన్ని తిప్పి చూశాడు.

"ఇదేటప్పా?"

"నువ్వడిగిందే. పేలిస్తే ఊరంతా ఎలుగు."

"ఊరంతా ఎలుగులే! అందుకే కదా వచ్చినాను! మా తమ్ముడి మొకమంతా గీరేసింది. జీడితోటలో పిక్కలు రాలిపోతన్నాయి, ఏరడానికి ఒక్కరూ దిగరు. నాను ఎలుగుబంటి అంటే నువ్వు దీపావళి సామాను సూపిస్తావేటి?"

నా తప్పే. ఎలుగు ముందు 'వ' చేర్చి వెలుగు అనుకున్నానని అతనికి చెప్పి, లైసెన్సు చూశాను. రైఫిల్ .315.

"పెద్ద ఎలుగు. ఏనుక్కేసే తూటా ఇయ్యి."

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రైఫిల్‌లో తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్, ఒక్క కొలతకే చేస్తారు.

"పక్కింటి తాళంచెవి పెద్దదని నీ తాళంలో పెడతావా?"

"అయితే ఈ కొలతలోనే గట్టిది ఇయ్యి."

గట్టి మొన ఉన్నది ఒంట్లోంచి దూసుకుపోతుంది. గాయపడ్డ ఎలుగు మనిషి మీదికే వస్తుంది. లోపల విచ్చుకునే మెత్తని మొన, సాఫ్ట్ నోస్, కావాలి. పర్మిట్ మీద బయటి దేశాలకు పెద్ద ఎలుగుల వేటకు వెళ్లే బాబులకు ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో. ఇతనికి చెప్పకూడదు. ఇక్కడ ఎలుగును చంపితే జైలు. తెలిసి అమ్మితే మా దుకాణం లైసెన్సూ పోతుంది.

"ఇవ్వను" అన్నాను.

"మరి నా తోటలో పిక్కలెవరు ఏరతారు? మీ కొట్టు ఓనరు ఏరతాడా?"

"ఫారెస్టోళ్లకి చెప్పినావా?"

"సెప్పినాం. కాయితం రాసిమ్మన్నారు. రాయడం నాకొస్తే కదా!"

తల పట్టుకున్నాను. ఒక్క కాగితం రాసేవాళ్లు దొరకలేదని మనిషి రైలెక్కి కలకత్తా వచ్చాడు! కోపంతోనే కూర్చుని రాశాను: తమ్ముడి గాయం, తోట, బోను పెట్టాలని, పిక్కలేరే రోజుల్లో కాపలా కావాలని. చదివి వినిపించాను. కాగితం అందుకుంటూ ఆగాడు.

"ఎలుగు ముందర 'వ' ఎట్టలేదు కదప్పా?"

నెలలోపే ఫోన్ చేశాడు. ఎలుగు ఇంకా బోనులో పడలేదట. కానీ గార్డులొచ్చి కాపలా ఉన్నారు, ఆడవాళ్లు తోటలోకి దిగారు.

ఇప్పుడు ఎవరు తూటా అడిగినా కొలత కన్నా ముందు "దేనికి?" అంటాను. ఇన్నేళ్లు తూటాల మధ్య తిరిగినా అబ్బని ఆ బుద్ధి నాకు నేర్పింది నేను అక్కర్లేకుండా చేర్చిన ఒక్క 'వ'.