పదకొండూ, మెట్లెక్కు!

ఎండదెబ్బ సారుకు మనుషుల పేర్లు గుర్తుండవు. ఎవరి రక్తంలో విటమిన్ డి ఎంతుందో ఆ అంకె మాత్రం చచ్చినా మరచిపోడు. ఆసుపత్రి అడుగున, కిటికీ అన్నదే లేని రక్తపరీక్షల లాబ్‌కు ఆయన పెద్ద. ఇరవై ఏళ్లుగా అందరినీ ఆ అంకెతోనే పిలుస్తాడు. లిఫ్ట్ నడిపేవాడు పద్నాలుగు. గుండె డాక్టరు పంతొమ్మిది. డైరెక్టరంతటి వాడు వట్టి తొమ్మిది! 'ఎండదెబ్బ' అన్నది జనం వెనకాల పెట్టుకున్న పేరు. మొహం మీద అనే దమ్ము ఎవరికుంది?

లాబ్‌లో రక్తం తీసే ఆవిడ ఉద్యోగంలో చేరిన వారానికే 'పదకొండు' అయిపోయింది. నలభై ఆరేళ్ల మనిషి, ఇద్దరు ఎదిగిన పిల్లల తల్లి. ఆవిడ సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవరు. అలాంటి మనిషిని పట్టుకుని, రక్తం ఇవ్వడానికి వరసలో కూర్చున్న యాభై మంది ముందు, "ఏమ్మా పదకొండూ, వేళయింది, మెట్లెక్కు!" అని అరిస్తే ఒళ్లు మండదూ?

"నాకు పేరుంది సార్!"

"పేరుంటే ఎముకలకు బలమొస్తుందా? ఉండాల్సింది ముప్పై! ముందు ముప్పై తెచ్చుకో. అప్పుడు పేరు పెట్టి పిలుస్తా."

రోజూ లాబ్‌లో పనిచేసేవాళ్లలో సగం మంది పదకొండింటికి, మిగతా సగం పదకొండున్నరకి డాబా మీదికెళ్లి ఎండలో నిలబడాల్సిందే. ఐదంతస్తులూ మెట్ల మీదే.

"లిఫ్ట్‌లో సూర్యుడున్నాడా?" అంటాడు.

"మెట్ల మీద మాత్రం ఉన్నాడా సార్?"

"నోర్ముయ్!"

తాను మాత్రం పైకి రాడు. రెండో అంతస్తు మలుపులో స్టూలు వేసుకుని, చిన్న నోటుపుస్తకం పట్టుకుని కాపలా కాస్తాడు. పదకొండుకు అరికాలి మంట నెత్తికెక్కేది అక్కడే. తాను నీడలో కూర్చుని లోకాన్నంతా ఎండబెట్టే పెద్దమనిషి! చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

ఒకరోజు గుండె డాక్టరు ఆ మలుపులో దొరికిపోయాడు.

"పంతొమ్మిదీ, నువ్వూ ఎక్కు!"

"సార్, గుండెజబ్బు వాళ్లలో డి తక్కువగా కనిపించే మాట నిజమే. కానీ డి పెంచితే గుండెపోటు ఆగుతుందని ఇంతవరకూ రుజువు కాలేదు. ఊరికే వీళ్ల ప్రాణం తీస్తున్నారు."

"నాకు తెలీదనుకున్నావా? ఆ కాగితాలన్నీ నేనూ చదివాను. ఎక్కు!"

తెలిసి కూడానా! పదకొండు పళ్లు పటపట కొరికింది. ఆ కోపం వెనక ఇంకో సంగతుంది. నెల రోజులుగా మెట్లెక్కితే ఆవిడకు ఆయాసం వస్తోంది, ఛాతీ బిగుసుకుని దవడ లాగుతోంది. ఎవరితోనూ అనలేదు. ఏడాది ఒప్పందం మీద చేసే ఉద్యోగం, అదీ వచ్చే నెలతో సరి. జబ్బుమనిషని తెలిస్తే మళ్లీ రాస్తారా? గ్యాసేలే అని సర్దిచెప్పుకుని, తిట్లన్నీ ఎండదెబ్బకు అంకితం చేసింది.

సోమవారం ఆ మలుపులో ఆగి దవడ రుద్దుకుంటుంటే స్టూలు మీంచి కేక వినిపించింది.

"పదకొండూ, దిగు!"

"మొన్నటిదాకా ఎక్కు, ఇవాళ దిగా? నేను మనిషినా, లిఫ్టునా?"

"ఈసీజీ మిషను బాగుచేసి తెచ్చారు. పరీక్షకు ఒక మనిషి కావాలి."

"నేనే దొరికానా?"

"కోపం మీదున్న గుండె కావాలన్నారు. నీకంటే ఎవరున్నారు?"

మిషనుకు ఏ రోగమూ లేదు. ఈసీజీ కాగితం చూసి గుండె డాక్టరు మొహం మారిపోయింది. వెంటనే యాంజియోగ్రాం తీస్తే ఒక రక్తనాళం ముప్పాతిక పైగా మూసుకుపోయిందని తేలింది. సాయంత్రానికల్లా స్టెంటు వేసేశారు.

మర్నాడు చూడ్డానికొచ్చిన ఎండదెబ్బ తన పుస్తకం మంచం మీద పెట్టి, నీళ్ల కోసం వెళ్లాడు. ఆవిడ తెరిచింది. అందులో డి ఊసే లేదు. "తొమ్మిది: మలుపులో ఆగాడు. తిట్టి డాక్టరు దగ్గరికి పంపాను. పదకొండు: పోయిన నెల ఆగలేదు. శనివారం రెండుసార్లు. దవడ. సోమవారం వదలకూడదు."

ఆయన రాగానే ఆవిడ విరుచుకుపడింది. "మెట్లెక్కించింది ఇందుకా? చెప్పొచ్చుగా సార్!"

"గుండె చూపించుకో అంటే వచ్చేదానివా? గ్యాసు అనేదానివి. ఎండ అంటే నన్ను తిట్టుకుంటూ అందరూ ఎక్కుతారు."

"మరి నా ఉద్యోగం?"

"తొమ్మిదితో మాట్లాడాను. మాట్లాడ్డమేమిటి, అరిచాను. ఇంకో ఏడాదికి సంతకం పెట్టాడు."

రెండు నెలల తర్వాత ఆవిడ తిరిగొచ్చింది. వస్తూనే ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూలదోసింది.

"నాకెందుకే!"

"కొత్త సూదులొచ్చాయి. పరీక్షకు ఒక మనిషి కావాలి."

సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఎనిమిది! ఇరవై ఏళ్లు మెట్ల మలుపు నీడలో కూర్చున్నవాడికి ఇంకెంతుంటుంది?

మర్నాడు పదకొండింటికి, యాభై మంది ముందు, లాబ్ దద్దరిల్లేలా కేక వినిపించింది.

"ఎనిమిది గారూ! వేళయింది, మెట్లెక్కండి!"

"నాకు పేరుంది!"

"ముందు ముప్పై తెచ్చుకోండి!"

ఆయన గొణుక్కుంటూ ఎక్కాడు. రెండో అంతస్తు మలుపులో స్టూలు మీద కూర్చుని, ఆవిడ పుస్తకం తెరిచి రాసుకుంది: "ఎనిమిది: ఆగలేదు. తిట్టాడు."