నేను దొంగదని తేల్చిన చర్చి వెబ్‌సైటు

నందిగామ మొత్తమ్మీద ఒక నిజమైన చర్చిని దొంగ చర్చి అని తేల్చిన ఘనత నాదే. అదీ టీ చల్లారేలోపు, ఆధారాలతో సహా. ఇంత గట్టి పొరపాటు కొత్తవాళ్ళ వల్ల కాదు, దానికి అనుభవం ఉండాలి. కరోనా తగ్గిన మరుసటి ఏడు, వేసవి సెలవులు అయిపోవస్తుండగా జరిగింది.

బస్టాండు దగ్గర నాకో చిన్న షాపుంది. వెబ్‌సైట్లు చేస్తా, ఫ్లెక్సీలు వేస్తా, పెళ్ళికార్డులు కొట్టిస్తా. మా సొంతూరు జగ్గయ్యపేట. నాన్నది కిరాణా, బాబాయిది బట్టలకొట్టు, మేనమామది ఇనప సామాను. మా ఇళ్ళల్లో పిల్లలకి నడక కంటే ముందు బేరం వస్తుంది. అందుకని కంప్యూటర్ ముందు కూర్చున్నా నేను సరుకు చూసే మనిషినే. ఫలానా వెబ్‌సైటు నమ్మొచ్చా అని ఎవరన్నా అడిగితే, బస్తా పైన కాకుండా అడుగున చెయ్యి పెట్టి చూస్తా.

రూతమ్మ చందర్లపాడు నుంచి వచ్చింది. బట్టలు కుడుతుంది. ఆమె కూతురు కీర్తనకి పుట్టుకతోనే చూపు లేదు. జగ్గయ్యపేట దాటాక, తెలంగాణ సరిహద్దు దగ్గర ఒక ఊళ్ళో చర్చివాళ్ళు చూపులేని పిల్లలకి బడి, హాస్టలు నడుపుతున్నారని ఎవరో వాట్సాప్‌లో లింకు పంపారట. పిల్లని అక్కడ వదలొచ్చా లేదా చెప్పమంది. చూసినందుకు ఎంత తీసుకుంటారని ముందే అడిగింది. ముందే ధర అడిగేవాళ్ళంటే నాకు గౌరవం. కాస్త తగ్గించా కూడా, అది నా చరిత్రలో అరుదు.

మొదట డొమైన్ చూశా. డొమైన్ అంటే వెబ్‌సైటు పేరు. దాన్ని ఎప్పుడు కొన్నారో ఎవరైనా చూడొచ్చు. చాలా ఏళ్ళుగా సేవలో ఉన్నామని సైట్లో రాసుకున్నారు, పేరు కొన్నది మాత్రం నిన్నో మొన్నో అన్నట్టుంది. తర్వాత ఫొటోలు. రివర్స్ ఇమేజ్ సెర్చ్ అని ఒకటుంది, మనం ఒక ఫొటో ఇస్తే అది ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతికి పెడుతుంది. తెల్లచొక్కాలు వేసుకుని నవ్వుతున్న పిల్లల ఫొటో ఇచ్చా. అదే నవ్వు ఏదో దేశపు స్కూలు పేజీలో ఉంది, ఇంకెక్కడో సబ్బుల ప్రకటనలో ఉంది, ఒక పళ్ళ డాక్టరు సైట్లోనూ ఉంది. ఇక అడ్రసు. డోరు నంబరు లేదు, చర్చి వీధి అని రాసి ఊరుకున్నారు.

"దొంగ సైటమ్మా. పిల్లని పంపొద్దు" అన్నా. గుండెల మీద చెయ్యి వేసుకుని మరీ అన్నా.

రూతమ్మ లేవలేదు. "ఈ వారంలో చేర్చకపోతే మళ్ళీ ఏడాది ఆగాలంట అన్నయ్యగారూ. ఇప్పటికే దానికి ఎనిమిదేళ్ళొచ్చినయ్. మా బళ్ళో దాన్ని ఎనక కూర్చోబెట్టి, అన్నం టయానికి లేపుతున్నారు" అంది. మళ్ళీ తనే, "నాకు చెప్పినయ్యే వాళ్ళక్కూడా ఒకసారి చెప్పండి. ఏమంటారో ఇంటాను" అంది.

దొంగకి ఫోన్ చేసి నువ్వు దొంగవా అని అడగడం మా వృత్తిలో లేదని చెప్పి చూశా. ఆమె అట్లాగే చూస్తూ కూర్చుంది. బేరంలో నన్ను ఓడించేది మాటకారులు కాదు, ఇట్లాంటివాళ్ళే. సైట్లో ఉన్న నంబరుకి చేసి స్పీకర్ పెట్టా. ఎత్తింది పాస్టరుగారి భార్య. చర్చివాళ్ళంతా ఆమెని అమ్మగారంటారు. ఆమె వందనాలు చెప్పింది, నేను నేరుగా ఫొటోల మీదికి వెళ్ళా. ఆ పిల్లలు మీ పిల్లలు కాదు కదా అని అడిగా.

"కాదండీ" అందామె, వెంటనే. "మా పిల్లల ఫొటోలు పెట్టలే. వాళ్ళకి చూపు లేదు గదా. తమ ఫొటో ఎక్కడెక్కడ తిరుగుతుందో, ఎవరు చూస్తున్నరో వాళ్ళకి తెలవదు. అది చూపించి సాయం అడుగుడు నాకు మనసొప్పలే. కానీ వేరే పిల్లలవి పెట్టుడు కూడా తప్పే. సైటు చేసినాయన పెట్టిండు, నేను ఊరుకున్న. మీరు అడిగింది మంచిదైంది."

డొమైన్ సంగతీ అడిగా. కరోనాలో ఏటేటా కట్టాల్సిన రెన్యువల్ కట్టడం మర్చిపోతే పాత పేరు చేజారిపోయిందట, కొత్తది కొన్నారట. చివర్లో, మా మాట నమ్మి పిల్లని పంపొద్దు, చెప్పకుండా ఏ రోజైనా వచ్చి చూసుకోండి అంది.

రూతమ్మ ముఖం తేటపడింది. నా అనుమానం మాత్రం ముదిరింది. మాట ఇంత బాగుంటే సరుకులో ఏదో ఉందనుకునే ఇంట్లో పెరిగా మరి. ఇట్లాంటి హాస్టళ్ళకి అనుమతిచ్చే జిల్లా ఆఫీసు నంబరు ఆ సైట్లోది కాకుండా విడిగా సంపాదించి అడిగా. అనుమతి ఉంది, తనిఖీ కూడా అయిందన్నారు. అయినా మర్నాడు తల్లీకూతుళ్ళతో నేనూ బస్సెక్కా. వాళ్ళకి సాయంగా అని చెప్పా గానీ, నా తీర్పు నిజమవుతుందేమోనని లోపల చిన్న ఆశ కూడా ఉంది.

పాత పెంకుల హాలు, దాని వెనక పిల్లల గదులు. వరండా పొడుగునా నడుమెత్తున తాడు కట్టి ఉంది. పిల్లలు దాన్ని పట్టుకుని గదికీ, బడికీ, బాత్రూముకీ ఎవరి సాయం లేకుండా పోతున్నారు. రూతమ్మ ఆడపిల్లల గదిలోకి వెళ్ళి తలుపుకి లోపల గడియ ఉందా అని స్వయంగా వేసి చూసింది. పెద్దపిల్లల్ని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడింది. అమ్మగారు వాళ్ళ దగ్గర నిలబడకుండా అవతలికి వెళ్ళింది.

నేను వంటింట్లోకి పోయా. కిరాణా కొట్టువాడి కొడుక్కి ప్రార్థన మందిరంలో ఏం తెలుస్తుంది. బియ్యం డ్రమ్ము మూత తీసి లోపలికంటా చెయ్యి పెట్టా. సన్నబియ్యం, రేషన్ బియ్యం, పాతవి, కొత్తవి, నూకలు, అన్నీ కలిసి ఉన్నాయి. కల్తీ నాకు కొత్త కాదు. ఖరీదైన దాంట్లో చౌకది కలుపుతారు, దానికో లెక్కుంటుంది. ఇందులో ఏ లెక్కా లేదు. ఇంత అడ్డదిడ్డంగా కల్తీ చేసే వ్యాపారి ఇంకా పుట్టలేదు.

"ఇవేం బియ్యమండీ?" అన్నా.

"అందరి బియ్యం" అంది అమ్మగారు.

ఆ చర్చికొచ్చే ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా, వండుకునే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే గిన్నెలో వేస్తారట. ఆదివారం ఆ గిన్నె తెచ్చి ఇక్కడ పోస్తారట. కొన్ని గింజలు ఉడికేలోపు కొన్ని ముద్దవుతాయని వంటామె రోజూ సణుగుతుందని చెప్పి నవ్వింది.

నేను నవ్వలేకపోయా. దూరాన ఉన్నవాళ్ళని మంచి ఫొటోతో మోసం చేయొచ్చు. ఆ పిల్లల ఏడుపూ నవ్వూ గోడవతల నుంచి రోజూ వినే ఆడవాళ్ళు, తమ కంచంలోది తీసి పోస్తున్నారు. వాళ్ళ కంటే గట్టి తనిఖీ ఏముంటుంది? ఈ ముక్క సైట్లో ఒక్క చోటా లేదు. చెప్పుకోవాల్సిన సంగతి అని వాళ్ళకి తట్టనే లేదు.

రూతమ్మ వచ్చి, తను రెండ్రోజులు ఇక్కడే పడుకోవచ్చా అని అడిగింది.

"రెండ్రోజుల్లో ఏం తెలుస్తది? వారం ఉండు" అంది అమ్మగారు.

వారం ఉండి, ఒక్కతే తిరిగొచ్చింది. ఊరికి పోతూ షాపు దగ్గర ఆగింది. వెళ్ళొస్తానని చెప్తే కీర్తన సరిగా వినను కూడా లేదట, తాడు పట్టుకుని పరుగెడుతోందట. అది చెప్తూ ఏడ్చిందో నవ్విందో నేను సరిగా చూడలేదు, కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నా.

డొమైన్, ఫొటోలు, అడ్రసు చూడటం నేనేం మానలేదు, ఇప్పటికీ ముందు అవే చూస్తా. కాకపోతే సైట్లో ఉన్నది అబద్ధమని తేలితే, అక్కడి మనుషులూ అబద్ధమేనని షాపులో కుర్చీలోంచి తీర్పు చెప్పడం మానేశా. తప్పు పట్టుకున్నాక వాళ్ళు ఏం జవాబు చెప్తారో విని, వెళ్ళి చూసొచ్చాకే సరుకు నాణ్యత చెప్తున్నా.

తర్వాత ఆ సైటు సరిచేసే పని అమ్మగారు నాకే ఇచ్చింది. అరువు నవ్వులు తీసేశా. పిల్లల ముఖాలు ఎందుకు పెట్టలేదో ఆమె మాటల్లోనే రాశా, వరండా తాడు ఫొటో పెట్టా, అనుమతి కాగితం పెట్టా, అడ్రసు పూర్తిగా ఇచ్చా. డబ్బులొద్దన్నా. ఆమె ఒప్పుకోలేదు. ఊరికే చేస్తే రేపు తప్పులుంటే మిమ్మల్ని గట్టిగా అడగలేను, బిల్లు వేయండి అంది. బిల్లు వేయమని నాతో బేరమాడినవాళ్ళు ఇంకెవరూ లేరు.

సరేనని వేశా. సైటు పనికి అందరికీ వేసే ధరే వేశా. డొమైన్ రెన్యువల్‌కి నేను కట్టింది కట్టినట్టు వేశా. మొదటిరోజు బస్సు ఛార్జీలు కూడా రాయబోయి ఆగా. ఆ రోజు నేను వెళ్ళింది వాళ్ళ పని మీద కాదు. వాళ్ళు దొంగలని రుజువు చేద్దామని వెళ్ళా. ఆ ఖర్చు నాదే.