మేడమ్‌కు వెళ్ళిన మిరపాకు

ఆ రోజుల్లో మాకు చదువంటే బోర్డును ఫొటో తీయడం. నరసరావుపేటలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వెలగబెడుతున్నాను. మేడమ్ సుద్దముక్క కింద పెట్టగానే క్లాసంతా ఫోన్లతో చేతులెత్తేది (మేం చెయ్యెత్తిన సందర్భం అదొక్కటే). ఫొటో తీశామంటే చదివేసినంత తృప్తి. వాటిలో ఒక్కదాన్నైనా మళ్ళీ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఇది కనిపెట్టిన మేడమ్, బోర్డు మీద వేసిన రియాక్షన్‌ను ఇంటి దగ్గర చేత్తో రాసి వాట్సాప్‌లో పంపమంది. పంపకపోతే ఇంటర్నల్ మార్కులు లేవంది. ఆ మార్కులు లేకపోతే నా సెమిస్టర్ గోవిందా.

ఆదివారం కారంపూడి దగ్గర మా మిరపచేను గట్టున కూర్చుని, ఫోనులో ఉన్నది కాగితం మీదికి దించాను. దించానంతే, చదవలేదు. అంతలో నాన్న వచ్చి, ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఫొటో తీసి పురుగుమందుల కొట్టు బాబాయికి పంపమన్నాడు. ఆకునూ నా కాగితాన్నీ ఫొటో తీసి, రెండూ ఒక్క ఊపున పంపేసి రీల్స్‌లో పడ్డాను. కాసేపటికి బాబాయి ఫోను. ఎప్పుడో బీఎస్సీ చదివిన మనిషి.

"అబ్బాయ్, ఈ మందు మన కొట్లో లేదు. అయినా రెండో స్టెప్పులో కార్బన్ మీద ప్లస్ ఏదిరా? ఎగరగొట్టావే!"

బాబాయికి కాగితం వెళ్ళిందంటే మేడమ్‌కు ఏం వెళ్ళిందో అర్థమై గబగబా వాట్సాప్ తెరిచాను. అప్పటికే అక్కడ నీలం టిక్కులు పడ్డాయి. పక్కనే వింటున్న నాన్న మాత్రం, "ఏందిరా, మీ కాలేజీలో ఈయన్ని పెట్టుకోకూడదా?" అన్నాడు.

మర్నాడు క్లాసులో మేడమ్ నన్ను లేపింది. "నువ్వు పంపిన ఆకుకు వచ్చింది పైముడత తెగులు. తామరపురుగు పని. మాకూ మిరపచేలున్నాయిలే, అది నేను చెప్తా. రియాక్షన్ నువ్వు చెప్పు. ఫోను నా బల్ల మీద పెట్టి బోర్డు మీద రాయి. రాస్తే మార్కులేస్తా."

సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. ఎడమచెయ్యి ఖాళీ జేబును తడుముతూనే ఉంది. ఫొటో తీసి, కాగితం మీద దించిన ఆ రియాక్షన్‌లో ఒక్క ముక్క గుర్తు రాలేదు, బాబాయి చీవాట్లు పెట్టిన ఆ ప్లస్ తప్ప. అంత పెద్ద బోర్డు నడిమధ్య ఒక్క ప్లస్ పెట్టాను.

"ఏందిది? ఆసుపత్రి బోర్డా?" అంది మేడమ్. క్లాసంతా గొల్లుమంది (ఒకడు దాన్నీ ఫొటో తీశాడు). సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సెమిస్టరంతా ఫోను ఆవిడ బల్ల మీద, నేను మొదటి బెంచీలో. రాసిందే మళ్ళీ రాసి, చూపించి, ఎలాగో గట్టెక్కాను.

ఇప్పుడు నేనే లెక్చరర్ని. "సార్, కొంచెం పక్కకు జరగండి" అంటారు పిల్లలు ఫోన్లెత్తి. ఒళ్ళు మండుతుంది. అయినా జరుగుతాను. వాళ్ళు వెళ్ళాక నేనూ ఒక ఫొటో తీసుకుంటాను, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తుండి చావదు కదా. ఆ రియాక్షన్‌లో రెండో స్టెప్పు మాత్రం ఇప్పటికీ ఏ ఫోనూ చూడకుండా వేస్తాను. అక్కడ ప్లస్ పెడుతుంటే, ఖాళీ జేబు తడుముకుంటున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి, పిల్లలకు కనపడకుండా బోర్డు వైపే తిరిగి నవ్వుకుంటాను.